పదహారు ఖాళీ గళ్ళు

నా పాటలో నేను కావాలని ఖాళీగా వదిలిన పదహారు గళ్ళను ఒక చదువుకున్న పెద్దమనిషి నింపేశాడు. నింపి పుస్తకంలో అచ్చు వేయించాడు. ఆ పుస్తకం చూసి వాయించిన బ్యాండుతోనే నా భార్య సంతోషమ్మను మట్టిలో పెట్టాం.

నా పేరు ఎగ్గొట్టాడని కాదు నా గొడవ. పేరు వేశాడు. ముందుమాటలో నన్ను ‘సహజ ప్రతిభాశాలి’ అన్నాడు. దాని కిందే ‘అసంపూర్ణంగా ఉన్న చోట్ల పూరించడమైనది’ అన్నాడు. ఆ ఒక్క వాక్యం మీద నేను ఐదు ఉత్తరాలు రాశాను. అడిగింది ఒక్కటే: రెండోసారి అచ్చు వేసేటప్పుడు ఆ గళ్ళు మళ్ళీ ఖాళీ చేయండి.

ఇప్పుడు బ్యాండుల్లోకి, చర్చి వాద్యబృందాల్లోకి కొత్తగా వస్తున్నవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. సీజనులో ఎన్ని పెళ్ళిళ్ళు వాయించామో, ఎవరు శాలువా కప్పారో రాయను. అవి ఎవరికీ అక్కర్లేదు. ఎనిమిది మంది మనుషుల్ని పక్కపక్కన నిలబెట్టి ఊదించడంలో ఏం నేర్చుకున్నానో, ఎక్కడ బోర్లా పడ్డానో అది రాస్తాను.

గోడ

నాకు సంగీతం నేర్పినవాళ్ళు లేరు. ఏడో తరగతితో బడి మానేసి నూజివీడు మార్కెట్లో మామిడికాయల ప్యాకింగు పనిలో చేరాను. పెట్టెలో గడ్డి పరిచి, కాయ తొడిమ కిందికి పెట్టి, మళ్ళీ గడ్డి. క్లారినెట్టు పట్టుకుంది పెళ్ళయ్యాకే. మా వీధిలో ఒకాయన పోతే ఆయన సామాన్లతో పాటు పగిలిన క్లారినెట్టు ఒకటి బయట పడేశారు. దాని పగులుకు సైకిలు ట్యూబు ముక్క చుట్టి, ఏ కన్నం మూస్తే ఏ శబ్దం వస్తుందో ఒక్కొక్కటే చూసుకుంటూ ఎనిమిది నెలలు ఊదాను. సంతోషమ్మ చెవుల్లో దూది పెట్టుకోలేదు. ఆ ఒక్క విషయానికే ఆమెకు రుణపడి ఉండాలి.

తర్వాత పాపయ్య మాష్టారి బ్యాండులో చేరాను. చేయి ఎత్తితే ఎనిమిది మంది ఊపిరి ఆగేది, అంత అదుపు ఆయనకు. నోరు మాత్రం చెడ్డది.

“ఒరేయ్ రత్నం, బ్యాండంటే గోడరా. ఇటుకకీ ఇటుకకీ మధ్యన వేలు దూరకూడదు. దూరిందా, అందులోంచి దరిద్రం వచ్చుద్ది.”

అంటే అందరూ మొదటి నుంచి చివరి దాకా ఆగకుండా వాయించాలి. ఎవడైనా ఊపిరి కోసం ఆగితే కర్రతో మోకాలి మీద ఒక్కటి ఇచ్చేవాడు. నూజివీడు వీధుల్లో ఆ పద్ధతి బ్రహ్మాండంగా పనిచేసేది. రెండు వైపులా డాబాలు. శబ్దం ఈ గోడకు కొట్టి ఆ గోడకు కొట్టి రెట్టింపై మన మీదే పడేది. పెళ్ళివారు చెవులు మూసుకుంటూ మెచ్చుకునేవాళ్ళు.

ఆగిరిపల్లి వైపు తోటల్లో పెళ్ళి వస్తే మాత్రం అదే బ్యాండు, అదే పాట చచ్చుబడిపోయేది. మాష్టారు “గట్టిగా ఊదండ్రా” అని అరిచేవాడు. ఊదేవాళ్ళం. పెదాలు వాచేవి. దూరంగా పందిట్లో కూర్చున్నవాళ్ళకు డ్రమ్ము తప్ప ఏమీ వినపడేది కాదు. ఒకసారి పెళ్ళికొడుకు మేనమామ వచ్చి, “మాష్టారూ, మేళం ఇంకా రాలేదేంటండీ అని అడుగుతున్నారు లోపల” అన్నాడు. మేము అప్పటికి అరగంట నుంచి వాయిస్తున్నాం.

మాష్టారు ఆ మాటను అవమానంగా తీసుకున్నాడు. నాకది ప్రశ్నలాగా పట్టుకుంది. మామిడాకులు శబ్దాన్ని తింటున్నాయి, సరే. అన్ని శబ్దాల్నీ ఒకేలా తింటున్నాయా?

చిక్కం పైకి లేస్తే

కాపు అయిపోయాక తోటలు ఖాళీగా ఉంటాయి. ఆదివారం చర్చి అయ్యాక సంతోషమ్మను ఆమె పనిచేసే తోటకే తీసుకెళ్ళేవాణ్ణి. ఆమె చేతిలో చిక్కం, అంటే చివర వల కట్టిన కాయలు కోసే గెడ, ఉండేది. ఆమె తోట ఆ చివర నిలబడేది. నేను ఈ చివర. వినపడితే గెడ పైకి ఎత్తాలి. వినపడకపోతే దించాలి. కేకలు వేసుకునే పని లేకుండా అదీ మా ఏర్పాటు.

మొదటి ఆదివారం క్లారినెట్టు పైస్థాయిలో ఊదాను. గెడ లేవలేదు. కిందిస్థాయిలో ఊదాను. లేవలేదు. మధ్యలో, మనిషి మామూలుగా మాట్లాడే ఎత్తులో ఊదాను. చెట్ల మీద నుంచి వల ఊగుతూ పైకి వచ్చింది. నాకు ఆ రోజు కలిగిన సంతోషం తర్వాత ఏ చప్పట్లకూ కలగలేదు.

తర్వాత ట్రంపెట్టు వాయించే బాజీని, పెద్ద డ్రమ్ము నాగులుని కూడా బతిమాలి తీసుకెళ్ళాను. బాజీకి బస్టాండు దగ్గర పంక్చరు కొట్టు. నాగులు తోటల్లో చెట్లకు మందు కొట్టే మనిషి. ఇద్దరూ నన్ను పిచ్చివాడి కింద జమకట్టారు. అయినా వచ్చారు.

“ఏంటయ్యా ఇది, పెళ్ళాంతో జెండా ఊపించుకోడానికి మమ్మల్ని తీసుకొచ్చావా?” అన్నాడు బాజీ.

“రైలు వెళ్ళిపోద్ది ఎక్కండి ఎక్కండి” అన్నాడు నాగులు.

ఒక్కొక్కరినీ విడిగా వాయించమన్నాను. తర్వాత ఇద్దరిద్దరిని. తర్వాత ముగ్గురం కలిసి. చివరికి నడుచుకుంటూ వెళ్ళి సంతోషమ్మను అడిగాను, ఎలా ఉంది అని. ఆమెకు సరిగమలు తెలియవు. బడికి వెళ్ళలేదు. కాయను వేలితో తట్టి లోపల ముదిరిందో లేదో చెప్పేది.

“బాజీ ఒక్కడే ఊదినప్పుడు వినపడ్డాడు. నువ్వు కలిశాక ఇద్దరూ పోయారు” అంది. “ఇద్దరూ ఒకే మాట ఒకేసారి చెప్తన్నారు. పొయ్యి కాడ అత్తా కోడలూ మాట్టాడినట్టుంది. ఒకళ్ళు చెప్పి ఆగితే రెండోవాళ్ళది వినపడుద్ది గదా.”

నేను అప్పటి వరకు వాద్యాలు కలపడం అంటే ఒకదాని మీద ఒకటి పేర్చడం అనుకున్నాను. నాలుగు వర్షాకాలాలు ఆ తోటలో తిరిగాక తెలిసిందేమిటంటే, ఎవరు ఎప్పుడు ఊరుకోవాలో ముందు రాసుకోవాలి. ఎవరు వాయించాలో తర్వాత రాసుకోవచ్చు. ఇది నాకు ఏ పుస్తకమూ చెప్పలేదు. పుస్తకాల్లో ఉందేమో కూడా తెలియదు. ఉంటే మంచిదే. నాకు చెప్పింది మాత్రం చెట్ల మీద లేచిన వల.

అట్టముక్కలు

నాకు స్టాఫు నొటేషను, అంటే గీతల మీద స్వరాలు రాసే పద్ధతి, రాదు. రాసుకోకపోతే గుర్తుండదు. మామిడికాయల అట్టపెట్టెలు విప్పి చాపలాగా పరిచి, లోపలి వైపు బొగ్గుతో గళ్ళు గీసేవాణ్ణి. అడ్డంగా వరసలు, ఒక్కో వరస ఒక్కో మనిషికి. నిలువు గీతల మధ్య గడి. ఒక గడి అంటే ఒక ఊపిరి. తాళం కాదు, ఊపిరి. ఇది గుర్తు పెట్టుకోండి. మనిషి తీరిగ్గా ఊపిరి పీల్చి వదిలేంత సేపు ఒక గడి. వాయించేవాడికి గడిలో గుర్తు పెడతాను. ఆగేవాడికి ఏమీ పెట్టను. ఖాళీ గడి అంటే ‘నువ్వు విను’ అని.

మా వాళ్ళందరికీ అది రెండు రోజుల్లో వంటబట్టింది. నాగులుకు అక్షరాలు రావు. ఆ అట్ట మాత్రం చదివేవాడు.

పాపయ్య మాష్టారికి ఒక అట్ట భయపడుతూనే చూపించాను. ఆయన దాన్ని తలకిందులుగా ఒకసారి, సరిగ్గా ఒకసారి చూశాడు.

“ఏంట్రా ఈ కన్నాలు? చెదలు పట్టిన తలుపులాగుంది.”

“తోటల్లో పెళ్ళిళ్ళకి మాష్టారూ. ఒక్కసారి వాయించి చూద్దామండి.”

“నేను పోయాక వాయించుకోండి.”

ఒక పాట విషయంలో అన్న మాట ప్రకారమే జరిగింది. అది తర్వాత చెప్తాను.

బాజీని తిట్టిన రోజు

మాష్టారికి మోకాళ్ళు పట్టేశాక బ్యాండు నా చేతికి వచ్చింది. నా పద్ధతి నా చేతికి వచ్చిందని గర్వం కూడా వచ్చింది. ఆ గర్వంలో చేసిన తప్పు ఇది.

జి. కొండూరులో ఒక పెళ్ళి. బాజీ చేత పైస్థాయిలో ఒక పొడుగు స్వరం వాయించాలని అట్ట మీద రాశాను. మిగతా ఏడుగురూ ఆగిపోతారు. క్లారినెట్టు పైస్వరం చెట్లలో పోయినా, ట్రంపెట్టుది ఆ ఒక్కటే మామిడి చెట్ల మీదుగా వెళ్తుందని నా లెక్క. కాగితం మీద, అంటే అట్ట మీద, అద్భుతం. బాజీ ఊదాడు. స్వరం చీలింది. రెండోసారి కూడా చీలింది. మూడోసారి మేకపిల్ల అరిచినట్టు వచ్చింది. పెళ్ళివాళ్ళు నవ్వారు.

నేను అందరి ముందూ అన్నాను: “చేతకాకపోతే పంక్చర్లు వేసుకోవయ్యా. ఇక్కడెందుకు?”

బాజీ ట్రంపెట్టును గుడ్డలో చుట్టి సంచిలో పెట్టుకుని, యూనిఫారంతోనే నడుచుకుంటూ బస్సెక్కి వెళ్ళిపోయాడు. వెళ్తుంటే భుజాల మీది జరీ అంచులు ఎండకు మెరుస్తూ ఉన్నాయి. నాకు ఇప్పటికీ కనిపిస్తాయి.

ఇంటికి వెళ్ళి చెప్తే సంతోషమ్మ అన్నం పెట్టి, అంది: “బాజీకి ముందు పళ్ళు రెండు కదిలిపోయి నెలైంది. షుగరంట. ఆళ్ళావిడ చెప్పింది నాకు. నీకు తెలవదా? రోజూ ఆయన నోరే గదా చూస్తా కూచునేది నువ్వు.”

నాకు తెలియదు. నేను ట్రంపెట్టును చూస్తున్నాను. దాని వెనక ఉన్న నోటిని చూడలేదు.

మర్నాడు పొద్దున్నే పంక్చరు కొట్టుకు వెళ్ళాను. బాజీ ట్యూబును నీళ్ళ తొట్టిలో ముంచి బుడగ ఎక్కడ వస్తుందో చూస్తున్నాడు. తల ఎత్తలేదు.

“తప్పయిపోయింది బాజీ.”

“చక్రానికి గాలి కావాలా? లేకపోతే జరుగు, వెనకాల ఆటో ఆయన ఉన్నాడు.”

“నీ పళ్ళ సంగతి నాకెందుకు చెప్పలేదు?”

“చెప్తే ఏం చేస్తావయ్యా మాష్టారూ? కట్టుడు పళ్ళు పెట్టిస్తావా? తీసేస్తావు. చీలిన ట్రంపెట్టు ఎవడిక్కావాలి?” బుడగ కనిపించింది. అక్కడ వేలు పెట్టి పట్టుకుని అప్పుడు నా వైపు చూశాడు. “ఇదిగో విను. పైన స్వరాలు పోయినయ్. ఇంక రావు. కింద నాలుగు మిగిలినయ్. ఆ నాలుగూ మాత్రం ఈ జిల్లాలో నాలాగా వాయించేవాడు లేడు. నీకు చేతనైతే ఆ నాలుగింటితో పని చేయించుకో. చేతకాకపోతే నువ్వు కూడా వచ్చి పంక్చర్లు వేసుకో.”

ఆటో ఆయన పగలబడి నవ్వాడు. నేను కూడా నవ్వాను. కళ్ళల్లో నీళ్ళు వస్తున్నా నవ్వాను.

ఆ రోజు ఇంటికెళ్ళి పాత అట్టలన్నీ తిరగేసి కొత్తగా గీశాను. అంతకు ముందు వరసల పక్కన ట్రంపెట్టు, క్లారినెట్టు, డ్రమ్ము అని రాసేవాణ్ణి. అవి కొట్టేసి బాజీ, రత్నం, నాగులు అని రాశాను. ట్రంపెట్టుకు పన్నెండు స్వరాలు ఉంటే ఉండనివ్వండి. బాజీకి నాలుగున్నాయి. ఆ నాలుగూ ఎక్కడ బాగుంటాయో అక్కడ పాటను వంచాను. పాటను కిందికి దించాను. ఆయన నోరు నొప్పిపెట్టే లోపల ఆపేలా గళ్ళు ఖాళీ వదిలాను. వాద్యానికి రాయకండి, మనిషికి రాయండి. నా నలభై ఏళ్ళ పనిలో ఎవరైనా ఎత్తుకుపోదగ్గ మాట ఉంటే ఇదే.

నాగులు తాడు పట్టుకున్నాడు

పాపయ్య మాష్టారు వేసవిలో పోయాడు. తోటల్లో కోతలు ముమ్మరంగా ఉన్న రోజులు. సమాధుల దొడ్డి మామిడి తోటను ఆనుకుని ఉంటుంది. కోత కూలీలంతా గెడలు కంచెకు ఆనించి వచ్చారు.

భూస్థాపనకు ఇక్కడ అందరికీ నోటికొచ్చిన పాత కీర్తన ఒకటి ఉంది. నాలుగు చరణాలు. దాన్ని ఆయనకు ఇష్టమైనట్టే గోడలాగా వాయిద్దామనుకున్నాం. ఆయన రోజు గదా, కన్నాలు వద్దు. బాజీ కూడా, “నేను ఎట్టాగో లాగుతాను” అన్నాడు.

మొదటి చరణం చివరి పాదం దగ్గర బాజీ పెదాలు వణకడం చూశాను. ఈసారి నోటినే చూస్తున్నాను. ఇంకొక్క క్షణంలో స్వరం చీలుతుంది. మాష్టారి పెట్టె పక్కన మేకపిల్ల అరుపు. నేను చేయి ఎత్తి అందరినీ ఆపేశాను. బాకాలన్నీ ఆగాయి. నాగులు ఒక్కడే డ్రమ్మును మెల్లగా తడుతున్నాడు.

ఆ ఖాళీలోకి జనం వచ్చారు.

ముందు కోత కూలీ ఆడవాళ్ళు అందుకున్నారు. తర్వాత మగవాళ్ళు గొణిగినట్టుగా. శ్రుతి లేదు, ఒకళ్ళు ముందు, ఒకళ్ళు వెనక. వాళ్ళందరి మీద ఒక సన్నని గొంతు వినిపించింది. మాష్టారి భార్య. నలభై ఏళ్ళలో ఆవిడ పాడగా ఎవరూ వినలేదు. ఆ ఇంట్లో పాట ఆయనది, నోరూ ఆయనదే. ఆవిడ పాడితే ఎలా ఉంటుందో మాష్టారికి తెలుసా అనుకున్నాను.

రెండో చరణం బాకాలు అందుకున్నాం. చివరి పాదానికి మళ్ళీ ఆపాను. ఈసారి బాజీ కోసం కాదు.

నాలుగో చరణం చివరి పాదానికి బాకాలు ఆగాయి, పెట్టె దించుతున్నారు. తాళ్ళు పట్టుకున్న నలుగురిలో ఒకాయన కాలు జారి పక్కకు పడ్డాడు. పెట్టె ఒక వైపు ఒరిగింది. నాగులు డ్రమ్ము పుల్లలు రెండూ నోట కరుచుకుని, భుజాన డ్రమ్ముతోనే ఒక్క గెంతులో వెళ్ళి ఆ తాడు అందుకున్నాడు. రెండు ఊపిర్ల సేపు డ్రమ్ము కూడా లేదు. తాడు చెక్క మీద జారే చప్పుడు, ‘మెల్లగా, మెల్లగా’ అని నోట్లో పుల్లలతో నాగులు మూలుగు, జనం పాట. అంతే. మళ్ళీ తాడు వేరేవాళ్ళకి ఇచ్చేసి వచ్చి డ్రమ్ము మీద రెండు దెబ్బలు వేశాడు.

తర్వాత ఆ పాటను చాలా సమాధుల దగ్గర వాయించాం. ప్రతిసారీ మార్చి చూశాను. ఖాళీ మూడు ఊపిర్లయితే జనం నోరు తెరిచే లోపలే బాకాలు వచ్చేస్తాయి. ఐదయితే మొదటి ఉత్సాహం అయిపోయి సిగ్గుపడి ఆగిపోతారు. నాలుగు సరిగ్గా సరిపోయింది. ఆగే ముందు చివరి స్వరం ఆడవాళ్ళ గొంతుకు అందేంత కిందికి ఉండాలి. ఆ స్వరం క్లారినెట్టు మెల్లగా ఇవ్వాలి, అన్నం వడ్డించే ముందు విస్తరి మీద నీళ్ళు చిలకరించినట్టు. చరణానికి నాలుగు చొప్పున నాలుగు చరణాలకు పదహారు గళ్ళు. వాటిలో పదమూడు, పద్నాలుగు గళ్ళల్లో డ్రమ్ము కూడా ఉండదు. అవి నాగులువి. ఆయన తాడు పట్టుకున్న ఊపిర్లు అవి. ఆ తర్వాత ఎక్కడా ఎవరి కాలూ జారలేదు, అయినా ఆ రెండూ ఉంచేశాను.

అచ్చు

బాజీ పోయాడు. నాగులు తర్వాత పోయాడు. నా ఊపిరితిత్తులు నీరసించి బ్యాండు వదిలేశాను. మూడేళ్ళ కిందట ఈ చుట్టుపక్కల చర్చిల వాళ్ళు కలిసి పాత పాటల బ్యాండు వరసలను పుస్తకంగా వేద్దామని కమిటీ పెట్టారు. సంగీతంలో డిగ్రీ ఉన్న ఒక సారు మా ఇంటికి వచ్చారు. మర్యాదస్తుడు. రసాలు పెట్టాం, చక్కగా తిన్నారు. అట్టలన్నీ ఫోనులో ఫోటోలు తీసుకున్నారు.

“ఈ గళ్ళ పద్ధతి మీరే కనిపెట్టారాండీ?” అని అడిగారు.

“ఆవిడా నేనూ” అన్నాను. సంతోషమ్మ లోపలి నుంచి, “నాకేం తెలవదండీ, నేను గెడ ఎత్తేదాన్ని” అంది.

అప్పుడే ఖాళీ గళ్ళ సంగతి విప్పి చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. నాకు అంత తేటగా కనిపించేది ఇంకొకరికి కనిపించదని తోచలేదు. అది నా తప్పు, ఒప్పుకుంటున్నాను. పుస్తకం వచ్చాక చూడకపోవడం రెండో తప్పు. ముందుమాటలో నా పేరు చూసి, ముచ్చటపడి, గుడ్డలో చుట్టి బీరువాలో పెట్టాను.

సంతోషమ్మ కిందటేడు పోయింది. కడుపులో నొప్పి అని ఆస్పత్రికి వెళ్ళి, పది రోజుల్లోనే. బ్యాండు పిలిచింది మా అమ్మాయి కరుణ. ఆగిరిపల్లిలో టీచరు తను. వచ్చినవాళ్ళు మంచి పిల్లలు, శుభ్రంగా నేర్చుకున్నవాళ్ళు. పుస్తకం స్టాండు మీద పెట్టుకుని వాయించారు. నేను పెట్టె పక్కన నిలబడి మొదటి చరణం చివరి పాదం కోసం చూస్తున్నాను. ఆమెతో నలభై ఏళ్ళు కాయలు కోసిన ఆడవాళ్ళంతా అటు వైపు నిలబడ్డారు. చివరి పాదం వచ్చింది. వాళ్ళు నోళ్ళు తెరిచారు.

ట్రంపెట్లు రెండు కలిసి పైస్థాయిలో ఎత్తుకున్నాయి. అందమైన అల్లిక, కాదనను. ఆడవాళ్ళు నోళ్ళు మూసేశారు. రెండో చరణానికి ఒకరిద్దరు ప్రయత్నించి మానేశారు. మూడోదానికి ఎవరూ ప్రయత్నించలేదు. చేతులు కట్టుకుని నిలబడ్డారు, పెళ్ళిలో మేళం వింటున్నట్టు.

మట్టి వేశాక వెంకాయమ్మ, సంతోషమ్మ కోత ముఠాలో పెద్దావిడ, నా చేయి పట్టుకుంది.

“ఏవయ్యా రత్నం, సంతోషమ్మకి ఒక్క ముక్క పాడదామనుకున్నాం. మీవాళ్ళు సందు ఇయ్యలేదే.”

ఇంటికొచ్చి గుడ్డ విప్పి పుస్తకం తెరిచాను. పదహారు గళ్ళూ నిండి ఉన్నాయి.

ఉత్తరాలు

మొదటి ఉత్తరంలో తిట్టాను. రెండోదాంట్లో ఇంకా తిట్టాను. ‘మీ డిగ్రీ ఇచ్చినవాడికి చెవులున్నాయా’ అని రాశాను. కరుణ చదివి, “నాన్నా, ఇది పంపిస్తే ఆయన జన్మలో జవాబు రాయరు” అంది. పంపించాను. రాయలేదు. మూడోది కమిటీ పెద్దకు రాశాను. నాలుగోదాంట్లో మాటలు లేవు. అసలు అట్టనే మడిచి కవర్లో పెట్టి పోస్టు చేశాను. దేనికీ జవాబు లేదు.

సంతోషమ్మ సంవత్సరీకం కూటం అయ్యాక ఐదోది రాశాను. అప్పటికి కోపం అయిపోలేదు, అలసట వచ్చింది. తిట్టకుండా రాయడం నాకు కష్టం, నాలుగు కాగితాలు చించాను. చివరికి ఇలా రాశాను: ‘అయ్యా, అది మీ గదిలో వినకండి. గదిలో అవి ఖాళీగానే ఉంటాయి. ఎక్కడైనా భూస్థాపనకు నేను రాసినట్టు వాయించమని చెప్పి, మీరు వంద అడుగులు దూరం జరిగి నిలబడండి. వాయించేవాళ్ళను వినకండి, మిగతావాళ్ళను వినండి. పద్నాలుగు గళ్ళు జనం కోసం. పదమూడు, పద్నాలుగు గళ్ళల్లో డ్రమ్ము కూడా ఎందుకు ఆగాలో అడక్కండి. రాస్తే మీరు నవ్వుతారు, నాకు ఆ మనిషిని చూసి ఎవరూ నవ్వడం ఇష్టం లేదు.’

అంకె తప్పు రాశానని పోస్టు చేశాక తెలిసింది. జనం కోసం పదహారూను. ఇంకో ఉత్తరం రాసే ఓపిక లేక వదిలేశాను.

రెండు నెలలైంది. మొన్న బుధవారం కరుణ బడి నుంచి వస్తూ పోస్టుమాన్ దగ్గర తీసుకుని తెచ్చింది. ఆ సారు చేతిరాత. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను:

“శ్రీ జీవరత్నం గారికి నమస్కారములు. మీ ఐదు ఉత్తరాలూ, కమిటీ పెద్దకు రాసినదానితో సహా, అందాయి. మొదటి నాలుగింటికి జవాబు ఇవ్వకపోవడానికి కారణం కోపమే, పని ఒత్తిడి అని అబద్ధం చెప్పను. ఆ గళ్ళు మీరు రాయడం మర్చిపోయారనుకున్నాను. మీకు సాయం చేస్తున్నాననే అనుకున్నాను. కిందటి నెల మా పక్క ఊళ్ళో ఒక భూస్థాపనకు మీ అట్ట చూపించి అలాగే వాయించమని, నేను వెళ్ళి తోట కంచె దగ్గర నిలబడ్డాను. మొదటి చరణానికి ఎవరూ పాడలేదు. మీరు పొరబడ్డారని నాకు కొంచెం సంతోషం కూడా వేసింది. రెండో చరణానికి ఒక ముసలావిడ అందుకుంది. మూడోదానికి అందరూ పాడారు. నాలుగోదానికి నేను కూడా పాడుతున్నానని, నా పక్కన ఉన్నాయన నా వైపు చూస్తే తెలిసింది. పోయినాయన ఎవరో నాకు తెలియదు. రెండో ముద్రణకు పదహారు గళ్ళూ ఖాళీ చేయించాను. ముందుమాటలో ఆ వాక్యం తీసేశాను. డ్రమ్ము ఆగే ఆ రెండు గళ్ళ గురించి చాలా ఆలోచించాను. నాకు అర్థం కాలేదు. అర్థం కాకుండానే ఖాళీగా ఉంచాను.”